ఇల్లాలికి ఇంగ్లీషు కష్టమా?

ఆ రోజు వికారాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను. తాండూరు వెళ్ళాలి. ఎదురు సీట్లో ఒకామె ఒళ్ళో కూరగాయల సంచీ పెట్టుకుని, చేతిలో సెల్‌ఫోన్ పట్టుకుని, దానివంకే చూస్తూ కూర్చుంది. ధారూరు దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా ఫోను నా ముందు పెట్టి, "అక్కా, జర గిది చదివి చెప్తరా? మా పిలగాని బడి నుంచి వచ్చింది. మొన్న గూడ గిట్లనే వస్తే నాకు సమజ్ కాలే" అంది.

మొన్న ఏమైందంటే, బడివాళ్ళు ఇంగ్లీషులో ఓ సందేశం పంపారట. "కైండ్లీ కలెక్ట్ యువర్ వార్డ్ బై ట్వెల్వ్" అని. వార్డ్ అంటే ఈమెకు తెలిసింది మున్సిపాలిటీ వార్డే. సరే, బడి నుంచి వచ్చింది కాబట్టి పిల్లవాడి గురించే అయివుంటుందని ఊహించింది. ట్వెల్వ్ అంటే పన్నెండని తెలుసు. మధ్యలో ఆ 'బై' దగ్గరే వచ్చింది చిక్కు! "బై అంటే ఉర్దూల 'బాద్' లెక్కనే ఉంటదనుకున్నక్కా. పన్నెండు కొట్టినంక పోవాలె గావచ్చనుకొని, వంట చేసుకొని ఒంటిగంటకు పోయిన. పోరడు గేటు కాడ ఎండల నిలబడ్డడు. మొకమంత కమిలిపోయింది" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

చూశారా! మూడక్షరాలైనా లేని చిన్న మాట. దాని అర్థం 'పన్నెండు కల్లా' అని. పన్నెండు తర్వాత అని కాదు. అది తెలియక పసివాడు గంటసేపు ఎండలో నిలబడ్డాడు. ఆ తల్లి మనసు ఎంత విలవిల్లాడి ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

ఇలాంటి అనుభవం మీలో చాలామందికి ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. డైరీలో టీచరు రాసిన రెండు వాక్యాలు, బ్యాంకు నుంచి వచ్చిన కాగితం, డాక్టరు చీటీ... అన్నీ ఇంగ్లీషే! అందుకే ఈ వారం వంటలూ కుట్లూ కాసేపు పక్కన పెట్టి, మన ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే ఇంగ్లీషు సందేహాల గురించి మాట్లాడుకుందాం, రండి.

ఇప్పుడు ఇది మన ఇంటి సంగతే

ఒకప్పుడు ఇంగ్లీషు మీడియం అంటే డబ్బున్నవాళ్ళ పిల్లల వ్యవహారం. ఇప్పుడలా కాదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనే 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. కూలికి వెళ్ళే తల్లి బిడ్డ కూడా ఇంగ్లీషు పుస్తకమే తెచ్చుకుని వాకిట్లో కూర్చుంటున్నాడు. "అమ్మా, దీనికి అర్థమేంటి?" అని మొదట అడిగేది మిమ్మల్నే కదా!

"మాకేం వస్తుందండీ, మేం చదివింది తెలుగు మీడియం" అంటారేమో. కాస్త ఆగండి. తాండూరు బజారులో ఒక్క పూట నిలబడి చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడే ఇల్లాలే గాజుల దుకాణంలో ఉర్దూలో బేరమాడుతుంది. సేడం నుంచో, చించోళి నుంచో చుట్టాలొస్తే కన్నడంలో కుశలమడుగుతుంది. ఎవరు నేర్పారు ఆమెకు? ఏ కోచింగ్ సెంటర్‌కు వెళ్ళింది? అవసరం నేర్పింది, చెవి నేర్పింది. మూడు భాషలు మోసే నాలుకకు నాలుగోది బరువా, చెప్పండి?

ఇంకో మాట. ఇంగ్లీషు చెప్పే టీచర్లకే సరైన శిక్షణ ఉండాలని హైదరాబాద్‌లో 1958లోనే ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థ పెట్టారు. అదే పెరిగి పెద్దదై 2007లో 'ఇఫ్లూ' అనే కేంద్ర విశ్వవిద్యాలయమైంది. టీచర్లకే అంత శిక్షణ కావలసి వచ్చిందంటే, మనకు కష్టమనిపించడంలో సిగ్గుపడాల్సిందేముంది?

తప్పులెందుకు వస్తాయి?

మన తప్పులకు కారణం తెలివితక్కువతనం కాదు, తెలుగుతనం! తెలుగులో క్రియ చివర వస్తుంది. "నేను అన్నం తిన్నాను" అంటాం. ఇంగ్లీషులో క్రియ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. మనకు 'ఇంట్లో', 'ఇంటికి', 'ఇంటి నుంచి' అని విభక్తి మాట వెనకాల అతుక్కుంటుంది. వాళ్ళకు అది ముందు నడుస్తుంది. ఇక 'ఏ', 'యాన్', 'ద' లాంటివి మన భాషలో లేనే లేవు. తెలుగులో ఆలోచించి, మాటకు మాట పెట్టి ఇంగ్లీషులో చెప్పబోతాం కాబట్టి తడబడతాం. ఈ కిటుకు తెలిస్తే సగం భయం పోయినట్టే. ఇక ఒక్కొక్క సందేహమే చూద్దాం.

'బై'కీ 'అంటిల్'కీ తేడా ఏమిటి?

'బై' అంటే ఫలానా వేళకల్లా, ఆ లోపునే. 'అంటిల్' అంటే ఆ వేళ దాకా. "కమ్ బై ఫైవ్" అంటే ఐదింటికల్లా వచ్చెయ్యమని. "వెయిట్ అంటిల్ ఫైవ్" అంటే ఐదింటిదాకా కూర్చోమని. ఫీజు గడువు, గ్యాస్ బిల్లు, కరెంటు బిల్లు... ఎక్కడ 'బై' కనిపించినా 'కల్లా' అని చదువుకోండి. ఇక 'వార్డ్' అంటే మన సంరక్షణలో ఉన్న పిల్లవాడనో, పిల్ల అనో అర్థం. ఆసుపత్రి వార్డుకూ, మున్సిపాలిటీ వార్డుకూ అదే మాట. సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి.

'మైసెల్ఫ్ లక్ష్మి' అనొచ్చా?

పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది ఇలాగే మొదలుపెడతారు. అనకూడదు. "ఐ యామ్ లక్ష్మి" అనో, "మై నేమ్ ఈజ్ లక్ష్మి" అనో చెబితే చక్కగా ఉంటుంది. అలాగే "ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్" అనకండి. "ఐ హావ్ టూ చిల్డ్రన్" చాలు. మన దగ్గర ఉన్నవాటికి, ఉన్నవాళ్ళకు 'హావ్' ఒక్కటే సరి. "ఐ యామ్ హావింగ్ లంచ్" అంటే మాత్రం తప్పులేదు. అది ఇప్పుడు జరుగుతున్న పని కదా!

'డిడ్ యూ వెంట్' ఎందుకు తప్పు?

దీనికి వంటింటి లెక్కే చెబుతాను. పప్పులో ఉప్పు ఒక్కసారే వేస్తాం. అత్తగారు వేశాక కోడలు మళ్ళీ వేస్తే ఏమవుతుంది? నోట పెట్టలేం! జరిగిపోయిన కాలం అనే ఉప్పు 'డిడ్'లోనే ఉంది. కాబట్టి వెనకాల వచ్చే క్రియకు మళ్ళీ వేయకూడదు. "డిడ్ యూ గో?", "డిడ్ యూ ఈట్?", "ఐ డిడ్ నాట్ సీ" – ఇవీ సరైనవి. 'డిడ్' లేనప్పుడు మాత్రం "ఐ వెంట్", "ఐ ఏట్", "ఐ సా" అనాలి.

'సిన్స్' ఎప్పుడు, 'ఫర్' ఎప్పుడు?

మనం రెండింటికీ 'నుంచి' అనే అంటాం. "మూడేళ్ళ నుంచి తాండూరులో ఉంటున్నాం", "2019 నుంచి తాండూరులో ఉంటున్నాం". అందుకే గందరగోళం. ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్'. ఎంతకాలమో చెబితే 'ఫర్'. 'సిన్స్ 2019', 'సిన్స్ మండే', 'సిన్స్ మార్నింగ్'. 'ఫర్ త్రీ ఇయర్స్', 'ఫర్ టూ డేస్'. బాబుకు రెండు రోజుల నుంచి జ్వరమని డాక్టరుకు చెప్పాలంటే "హీ హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్" అనండి.

'ఏ'నా, 'యాన్'నా?

ఇంగ్లీషు అక్షరాలు చూసి తేల్చుకోబోతే మోసపోతాం. దీనికి తెలుగువాళ్ళకు దొరికే సులువు ఒకటుంది. ఆ మాటను తెలుగులో రాసుకోండి. మొదటి అక్షరం అచ్చయితే 'యాన్', హల్లయితే 'ఏ'. అంబ్రెల్లా – అచ్చు, కాబట్టి 'యాన్ అంబ్రెల్లా'. యూనిఫామ్ – 'య' హల్లు, కాబట్టి 'ఏ యూనిఫామ్'. గంటకు 'అవర్' అంటాం కాబట్టి 'యాన్ అవర్'. ఇంటికి 'ఏ హౌస్'. ఎల్ఐసీ పాలసీకి 'యాన్'. రూపాయి బిళ్ళకు 'ఏ వన్ రూపీ కాయిన్'. ఒక్క జాగ్రత్త! గుడ్డును మనం 'యెగ్గు' అని పలుకుతుంటాం. అది 'ఎగ్' అని గుర్తుంచుకుంటే 'యాన్ ఎగ్' అని సరిగ్గా వస్తుంది.

మనకు ఒక మాట, వాళ్ళకు రెండు మాటలు

పక్కింటి నుంచి గ్లాసుడు చక్కెర బదులు తెచ్చుకుంటాం. తీసుకునేవాళ్ళది 'బారో', ఇచ్చేవాళ్ళది 'లెండ్'. "మే ఐ బారో సమ్ షుగర్?" అన్నా, "కెన్ యూ లెండ్ మీ సమ్ షుగర్?" అన్నా పని జరుగుతుంది. తారుమారు చేస్తే మాత్రం మీరే చక్కెర ఇవ్వబోతున్నట్టు ఉంటుంది!

మనం చెవికి సోకినా 'విన్నాను' అంటాం, శ్రద్ధగా విన్నా 'విన్నాను' అంటాం. మొదటిది 'హియర్', రెండోది 'లిజన్'. టీవీ చూడటం 'వాచ్'. పిల్లవాడి వంక చూడటం 'లుక్'. దారిలో ఎవరో కనబడటం 'సీ'.

ఇక అతిగా వాడే మాటలు. 'రిటర్న్' అంటేనే తిరిగి ఇవ్వడం. దానికి 'బ్యాక్' అక్కర్లేదు. 'డిస్కస్' అంటేనే దాని గురించి మాట్లాడటం. దానికి 'అబౌట్' తోక తగిలించనక్కర్లేదు. 'టుడే మార్నింగ్' అనకుండా 'దిస్ మార్నింగ్' అనండి.

వంటింట్లో ఇంగ్లీషు

"మై మదర్ ఈజ్ ఏ గుడ్ కుక్కర్" అని ఓ చిన్నారి బడిలో రాసిందట! వంట చేసే మనిషి 'కుక్'. విజిలేసేది 'కుక్కర్'. నవ్వొచ్చినా మనలో చాలామంది చేసే పొరపాటే ఇది.

బియ్యం, పంచదార, పిండి, ఫర్నిచర్, లగేజీ – వీటికి బహువచనం ఉండదు. 'ఫర్నిచర్స్', 'లగేజెస్' అనకూడదు. 'హౌ మచ్ రైస్' అనాలి కానీ 'హౌ మెనీ రైస్' అనకూడదు. లెక్కపెట్టగలిగిన వంకాయలకు 'హౌ మెనీ', కొలిచి పోసేవాటికి 'హౌ మచ్'.

కూరగాయల పేర్లూ చిత్రమే. మనం 'బ్రింజాల్' అనే వంకాయను ఇంగ్లండులో 'ఓబర్జీన్' అంటారు, అమెరికాలో 'ఎగ్‌ప్లాంట్' అంటారు. మన 'లేడీస్ ఫింగర్' అమెరికాలో 'ఓక్రా'. పెరుగును మనం 'కర్డ్' అంటే వాళ్ళు 'యోగర్ట్' అంటారు. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది కదా, ఆ కందికి ఇంగ్లీషులో 'రెడ్ గ్రామ్' అని, 'పిజన్ పీ' అని రెండు పేర్లు. కూతురో కొడుకో విదేశంలో ఉంటే, ఫోనులో కూర చెప్పేటప్పుడు ఈ పేర్లు అక్కరకొస్తాయి.

వదినకూ తోటికోడలికీ ఒకటే మాటా?

అవునండీ, ఒకటే! వదిన, మరదలు, ఆడపడుచు, తోటికోడలు – అందరూ 'సిస్టర్ ఇన్ లా'లే. పెదనాన్న, బాబాయి, మేనమామ అందరూ 'అంకుల్'లే. ఈ విషయంలో ఇంగ్లీషు మన ముందు బీదదే. ఎవరో స్పష్టంగా చెప్పాలంటే "మై హస్బెండ్స్ సిస్టర్" అని విడమరచి చెప్పాలి. 'కజిన్ బ్రదర్' అనడం మన అలవాటు. ఇంగ్లీషులో 'కజిన్' ఒక్కటి చాలు.

సామెతల సంగతి

"పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు" అని మనం అంటాం. ఇంగ్లీషులోనూ అచ్చంగా ఇదే – "అవుట్ ఆఫ్ ద ఫ్రయింగ్ ప్యాన్ ఇంటు ద ఫైర్". ఏ దేశమైతేనేం, వంటింటి కష్టం ఒక్కటే కదూ! మన "ఒక్క దెబ్బకు రెండు పిట్టలు" కూడా వాళ్ళకు ఉంది. "నల్లేరు మీద బండి నడక"కు వాళ్ళు "ఏ పీస్ ఆఫ్ కేక్" అంటారు. "స్పిల్ ద బీన్స్" అంటే చిక్కుళ్ళు ఒలికిపోవడం కాదు, దాచాల్సిన గుట్టు బయటపెట్టడం. బొగ్గు దొరికే న్యూకాజిల్ ఊరికే బొగ్గు మోసుకెళ్ళినట్టు అని ఇంకో నుడికారం ఉంది. మనమైతే తాండూరుకు నాపరాళ్ళు మోసుకెళ్ళినట్టు అనుకోవచ్చు! జోరువానను 'క్యాట్స్ అండ్ డాగ్స్' అని పుస్తకాల్లో నేర్పుతారు కానీ, మామూలు మాటల్లో "ఇట్స్ పోరింగ్" అంటే చాలు.

అయితే మన నుడికారాన్ని మక్కికి మక్కి దింపకండి. 'నిద్ర వస్తోంది' అంటే 'స్లీప్ ఈజ్ కమింగ్' కాదు, "ఐ యామ్ స్లీపీ". 'కరెంటు పోయింది' అంటే 'కరెంట్ వెంట్' కాదు, "ద పవర్ ఈజ్ అవుట్". గుమ్మంలో నిలబడి 'పోతాను' అనడం మనకు అశుభం, అందుకని 'వెళ్ళొస్తాను' అంటాం. అదే ఇంగ్లీషులో 'ఐ విల్ గో అండ్ కమ్' అంటే, మీరు మళ్ళీ ఎప్పుడొస్తారా అని పాపం వాళ్ళు ఎదురుచూస్తారు! "సీ యూ" అనండి చాలు.

మన మాటలూ వాళ్ళింటికి వెళ్ళాయి

ఇంగ్లీషు మన మీద పెత్తనం చేసిందనుకుంటాం కానీ, మన దగ్గర అప్పూ చేసింది. 'బ్యాండికూట్' అనే ఇంగ్లీషు మాట మన 'పందికొక్కు' నుంచి వెళ్ళిందే! మన ఇళ్ళలో రోజుకు పదిసార్లు వినిపించే 'అయ్యో'ను 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేర్చుకున్నారు. పెళ్ళి ముహూర్తం ముందుకు జరిపితే మనం 'ప్రీపోన్' అంటాం. అది మన దేశంలో బాగా వాడుకైన మాట, నిఘంటువుల్లోకీ ఎక్కింది. కాబట్టి మనవాళ్ళు వాడేదంతా తప్పేనని కుంగిపోకండి. మనలో మనకు చెల్లేదేదో, పరదేశం వాళ్ళతో చెల్లనిదేదో తెలిస్తే చాలు.

డాక్టరు చీటీ దగ్గర మాత్రం ఊహించొద్దు

ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. చీటీ మీద సాధారణంగా 'ఓడీ' అంటే రోజుకు ఒకసారి, 'బీడీ' అంటే రెండుసార్లు, 'టీడీఎస్' అంటే మూడుసార్లు. 'హెచ్ఎస్' అంటే పడుకునే ముందు. 'ఎస్ఓఎస్' అంటే అవసరమైతేనే. 'ఆల్టర్నేట్ డేస్' అంటే రోజు విడిచి రోజు. 'ఎంప్టీ స్టమక్' అంటే పరగడుపున. ఇవి తెలిసినా సరే, మందుల షాపులో ఒకసారి అడిగి, డబ్బా మీద తెలుగులో రాయించుకోండి. ఇంగ్లీషు రాదని మొహమాటపడి మందు తప్పుగా వేయడం కంటే, పదిమందిలో గట్టిగా అడగడమే మేలు.

రోజుకో పావుగంట

నేర్చుకోవడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. పిల్లలు హోంవర్కు చేసే వేళ పక్కనే కూర్చుని, "ఇవాళ టీచరేం చెప్పిందిరా, నాకూ చెప్పు" అనండి. మీకు చెప్పడంలో వాళ్ళకూ పాఠం గట్టిపడుతుంది. పాత నోటుబుక్కు ఒకటి తీసి రోజుకు మూడు మాటలు, ఒక వాక్యం రాసుకోండి. సరుకుల చీటీ ఇంగ్లీషులో రాయండి. సబ్బు మీద, బిస్కెట్ పొట్లం మీద ఉన్న అక్షరాలు చదవండి. సెలవు చీటీ మరొకరితో రాయించకుండా మీరే రాయండి. "మై సన్ హాజ్ ఫీవర్. ప్లీజ్ గ్రాంట్ హిమ్ లీవ్ ఫర్ టూ డేస్" – రెండే వాక్యాలు!

ఇంట్లో ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉంచుకోండి. 1850ల్లో బ్రౌన్ దొర మన తెలుగు మాటలన్నీ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని పెద్ద నిఘంటువే చేశాడు. పరదేశం నుంచి వచ్చిన ఆయన తెలుగు నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. మనమెందుకు పడాలి? అలాగని ఇంట్లో తెలుగు మానేయమని మాత్రం అనడం లేదు. కథలూ కబుర్లూ తెలుగులో విన్న పిల్లలే ఏ భాషనైనా బాగా పట్టుకుంటారు. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. సైకిలు నేర్చుకునేటప్పుడు పడలేదా ఏం?

రైల్లో ఆమె సంగతి చెప్పడం మరిచిపోలేదు లెండి. ఆ రోజు వచ్చిన సందేశమూ అలాంటిదే – మర్నాడు కూడా పన్నెండుకల్లా వచ్చి తీసుకువెళ్ళమని. 'బై'కీ 'అంటిల్'కీ తేడా చెప్పాను. సీటు మీద వేలితో రాసుకుంటూ రెండుమూడు సార్లు పైకే అనుకుంది. "జవాబు నేను రాసిస్తానమ్మా" అని చెయ్యి చాపితే, "వద్దక్కా, నేనే రాస్త. తప్పుంటే చెప్పుండ్రి" అంటూ ఫోను దగ్గరికి లాక్కుంది. తాండూరు వచ్చేదాకా ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. దిగేముందు నాకు చూపించింది.

"ఐ విల్ కమ్ బై ట్వెల్వ్. ప్లీజ్ కీప్ హిమ్ ఇన్ ద షేడ్ అంటిల్ దెన్."

పన్నెండుకల్లా వస్తాను. అందాకా మా వాణ్ణి నీడలో ఉంచండి.

ఒక్క తప్పు లేదండీ! ఆమె చేయగలిగినప్పుడు మీరెందుకు చేయలేరు? ఈ సాయంత్రమే పిల్లల డైరీ తీయండి మరి!